లెక్కకు రాని డ్యూటీ

గేటు దగ్గర నోటీసు అంటించి వారమైంది. బొగ్గుబాయి పనికి అలవాటుగా నాగాలు పెడుతున్నారని చెప్పి కొందరు కార్మికులను ఉద్యోగాల్లోంచి తీసేస్తున్నట్టు అందులో ఉంది. ఆ పేర్లలో యోబు పేరు కూడా ఉంది. గోదావరిఖనిలో బాయి పని చేసే వాళ్ళల్లో యోబును ఎరగని వాళ్ళు లేరు. ఎక్కడ బాయిలో నిప్పు లేచినా, నీళ్ళు పడినా లోపలికి దిగే రెస్క్యూ మనిషి అతను. అలాంటి వాడు పనిదొంగ అని తేల్చింది ఏరియా ఆఫీసులోని కంప్యూటర్. ఆ కంప్యూటర్‌కు ఎవరి పేరు ఎలా తేల్చాలో నేర్పింది నుస్రత్ బేగం.

నోటీసు పడిన రోజే యోబు భార్య యేసమ్మ నుస్రత్ వాళ్ళ గడప ముందు నిలబడి, "మా ఇంటాయన నీ మిషన్‌కేం పాపం చేసిండు బిడ్డా?" అని అడిగింది. నుస్రత్ జవాబు కోసం ప్రోగ్రాం మొత్తం వెతికింది. దొరికింది. దొరికిన జవాబు పట్టుకుని తన మేనేజరు గదికి పోతే ఆయన లేచి తలుపు మూసి, "ఈ మాట ఈ గది దాటకూడదు" అన్నాడు. తీసేసిన వాళ్ళు మొరపెట్టుకుంటే వినడానికి జనరల్ మేనేజరు సోమవారం పొద్దున సమయమిచ్చాడు. కంప్యూటర్ తప్పు చేయదని చెప్పడానికి కంపెనీ తరఫు సాక్షిగా నుస్రత్‌నే రమ్మన్నారు.

ఆ సోమవారం వచ్చింది.

పొద్దున తల్లి అక్బరీ బేగం నుస్రత్‌కు రొట్టె పెట్టింది. వాళ్ళింట్లో మాట్లాడుకునేది దక్కనీ ఉర్దూ. ఆ దక్కనీలోనే ఆమె నౌకరీ గురించి, కూతురి పెండ్లి గురించి, లోకం అనే మాటల గురించి వరసగా చెప్పుకుపోయింది. ఆఫీసుకు పోయి మేనేజరు చెప్పమన్నది చెప్పి రమ్మన్నది. నుస్రత్ తండ్రి బద్రుద్దీన్ వర్క్‌షాపులో ఫిట్టరు. బూట్ల లేసులు కట్టుకుంటూ అంతా విన్నాడు. రెండేళ్ళ కింద కంప్యూటర్ వచ్చినప్పుడు "దానికి ఉస్తాద్ మా బిడ్డే" అని వర్క్‌షాపంతా మిఠాయి పంచినవాడు ఆయనే. ఇవాళ ఆయన కూడా వద్దంటాడేమోనని నుస్రత్ తలెత్తి చూసింది.

బద్రుద్దీన్ భార్య వైపు తిరిగి ఒకటే అడిగాడు. బాగుచేయని పంపును బాగైందని సంతకం పెట్టి తాను ఏనాడైనా బాయిలోకి పంపాడా అని. ఆయన లేచి కూతురి తల మీద చెయ్యి పెట్టాడు.

"సచ్ బోల్‌కే ఆ బేటీ. బాకీ అల్లా హై."

అంతే. నిజం చెప్పి రమ్మని, మిగతాది అల్లా చూసుకుంటాడని చెప్పి సైకిలెక్కి డ్యూటీకి పోయాడు.

ఏరియా ఆఫీసు ముందు వేపచెట్టు కింద అప్పటికే జనం గుమిగూడి ఉన్నారు. నోటీసులో పేర్లు పడ్డ వాళ్ళు, వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు, మొదటి షిఫ్టుకు పోకుండా ఆగిన తోటి కార్మికులు. నుస్రత్ రిక్షా దిగగానే మాటలు ఆగిపోయాయి. ఎవరూ తిట్టలేదు. దారి ఇచ్చారు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు. ఇదే మనుషులు రెండేళ్ళ కింద ఆమెను చూడటానికి వచ్చారు. కంప్యూటర్ గది గుమ్మం ముందు చెప్పులు విడిచి, అద్దంలోంచి తొంగిచూసి, "ఇగ పైరవీలు నడవయి, క్లర్కుకు కోడిపిల్లలు ఇచ్చుడు బందైతది" అని సంబరపడ్డారు. అంతకుముందు ఎవరి హాజరు ఎంత అన్నది క్లర్కు దయ. దావతు ఇచ్చిన వాడికి నాగాలు మాయమయ్యేవి, ఇవ్వని వాడికి కొత్తవి పుట్టేవి. మిషన్ వస్తే న్యాయం వస్తుందని అందరికంటే గట్టిగా నమ్మింది కార్మికులే.

మీటింగ్ గదిలో పొడుగాటి బల్లకు ఆ చివర జనరల్ మేనేజరు కూర్చున్నాడు. గుంటూరు వైపు మనిషి, బాయిలోకి దిగి చూసి రానిదే ఏ కాగితం మీదా సంతకం పెట్టడని పేరున్నవాడు. ఆయన పక్కన కంప్యూటర్ మేనేజరు. ఈ చివర యోబు. ఆదివారం చర్చికి తొడుక్కునే తెల్లచొక్కా వేసుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని వచ్చాడు. నుదుటి మీద, ముంజేతుల మీద బొగ్గు గీరిన పాత గాయాలు నీలంగా కనబడుతున్నాయి. అతని పక్కన సాయంగా గట్టయ్య. గట్టయ్యది కూడా రెస్క్యూ జట్టే, అతని పేరు కూడా నోటీసులో ఉంది. గోడవారగా ఉన్న కుర్చీలో నుస్రత్‌ను కూర్చోమన్నారు.

"నీ మీద ఆరోపణ తెలుసు కదా యోబూ?" అన్నాడు జనరల్ మేనేజరు. "పోయిన ఏడాది నువ్వు పనికి రావలసినన్ని రోజులు రాలేదు."

"రాలేదని ఎవలు చెప్పిండ్రు సారు?"

"కంప్యూటర్ లెక్క చెప్పింది."

"మనిషి పేరు చెప్పుండ్రి సారు. నేను రాలేదని కండ్లతోని చూసిన మనిషి. మాతోని పని చేయించే ఓవర్‌మన్ చెప్పిండా? మా సర్దార్ చెప్పిండా? ఎవలో ఒకలు నా ముందలికొచ్చి చెప్తె నేను జవాబిస్త. మిషన్‌తోని నేనెట్ల కొట్లాడాలె?"

కంప్యూటర్ మేనేజరు నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, విసుగు నవ్వు. "మనుషులు చెబితే పైరవీ అన్నారు మీరే. మా మీద నమ్మకం లేదన్నారు. అందుకే మిషన్ పెట్టాం. దానికి చుట్టాలు లేరు, కులం లేదు, యూనియన్ లేదు. అందరినీ ఒకేలా చూస్తుంది."

"చుట్టాలు లేకుంటె మంచిదే సారు," అన్నాడు యోబు. "కండ్లు గూడ లేకపోతె ఎట్ల?"

గట్టయ్య తల వంచుకుని నవ్వు ఆపుకున్నాడు. జనరల్ మేనేజరు మాత్రం నవ్వలేదు. "సరే, ఆ రోజుల్లో ఎక్కడున్నావో నువ్వే చెప్పు" అన్నాడు.

"దసరా పోయినంక నది అవతలి ఒడ్డు బాయిల నిప్పు లేచింది. మీకెరుకే. సైరన్ గాదు సారు, జీపే ఇంటి ముందలికి వచ్చింది. తింటున్న కంచంల చెయ్యి కడుక్కొని ఎక్కిన. లోపల ఒకటే పొగ. లైటు ముందల చెయ్యి పెట్టుకుంటె చెయ్యే కనబడది. ఈపు మీద గాలి డబ్బా, మూతికి గొట్టం. మాట్లాడరాదు. ముందలోని భుజం మీద ఎనకటోడు చెయ్యేసి నడవాలె. నిప్పుకు గాలి అందకుంట అడ్డం గోడ కట్టాలె. కట్టిన గోడ పగులుతది. మళ్ల కట్టాలె. ఆడనే పండుడు, ఆడనే తినుడు. క్రిస్మస్ పండుగకు గూడ ఇంటికి రాలే. మా యేసమ్మ చర్చిల ఒక్కతే కూసున్నది. హోలీ దాక గట్లనే ఉన్నం. నిప్పు ఆరింది. లోపల చిక్కుకున్న మనుషులందరు వాళ్ల ఇండ్లకు వోయిండ్రు."

జనరల్ మేనేజరు చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టాడు.

"తర్వాత మాకు సన్మానం చేసిండ్రు సారు," అని యోబు ఆగాడు. "క్లబ్బు ముందల షామియానా వేసిండ్రు. నాకు శాలువ కప్పింది మీరే. ఆ రోజు గూడ నేను నాగా పెట్టినట్టే ఉన్నదట మిషన్‌ల."

జనరల్ మేనేజరు కుర్చీలో కదిలి, కంప్యూటర్ మేనేజరు వైపు చూశాడు. "ఆ రోజులకు జీతం ఇచ్చాం కదా?"

"జీతం రెస్క్యూ స్టేషన్ పద్దు నుంచి వచ్చింది సార్. అది వేరే లెక్క," అన్నాడు కంప్యూటర్ మేనేజరు తడుముకోకుండా. "ఇతను వేరే చోట పనిచేస్తే ఆ సంగతి ఇతని సొంత బాయి వాళ్ళు రాసి పంపాలి. పంపకపోతే అది వాళ్ళ పొరపాటు. కంప్యూటర్ పొరపాటు కాదు. కావాలంటే మా అమ్మాయి చెబుతుంది. ప్రోగ్రాం రాసింది ఆమే. నుస్రత్, చెప్పమ్మా. కూడికలో గాని తీసివేతలో గాని కంప్యూటర్ ఏమన్నా తప్పు చేసిందా?"

నుస్రత్ లేచి నిలబడింది. దుపట్టా కొంగును వేలికి చుట్టుకుంది.

"లేదు సార్. మిషన్ తప్పు చెయ్యలే."

కంప్యూటర్ మేనేజరు ఊపిరి వదిలి కుర్చీకి చేరగిలబడ్డాడు. యోబు ఆమెను చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఆ చూపు చూశాక ఆమె వేలికున్న కొంగు వదిలేసింది.

"తప్పు మేం చేసినం సార్."

"అడిగిన దానికి జవాబు అయిపోయింది, ఇక కూర్చో" అన్నాడు కంప్యూటర్ మేనేజరు.

"చెప్పనివ్వండి," అన్నాడు జనరల్ మేనేజరు.

నుస్రత్ గొంతు మొదట సన్నగా వచ్చింది, మాటమాటకూ గట్టిపడింది. "ప్రతి కార్మికునికి ఒక నంబరు ఇచ్చినం సార్. ఆ నంబరును ఒక్క బాయికే కట్టేసినం. ఆ బాయి హాజరు మాత్రమే చూసి లెక్క చెయ్యమని మిషన్‌కు చెప్పినం. అది చెప్పింది చెప్పినట్టు చేసింది. మనిషి ఇంకో బాయిల పని చేస్తె అది రాసుకునే జాగనే లేదు ప్రోగ్రాంల. ఇంకో బాయికి పంపినట్టు యోబు కాకా వాళ్ల బాయి నుంచి చీటీలు వచ్చినయి. రాలేదనేది అబద్ధం. కాని వాటిని ఎక్కించే చోటు లేదు. నోటీసుల పేర్లు పడ్డోళ్లంత గిట్లాంటోళ్లే. సగం మంది రెస్క్యూ జట్టు. మిగిలినోళ్లను నీళ్లు తోడేతందుకు, పట్టాలు వేసేతందుకు మనమే వేరే బాయిలకు పంపినం. ఎవలిని పిలిస్తె వస్తరో వాళ్లనే పంపినం. పిలిస్తె వచ్చినోళ్లనే రాలేదని తీసేసినం."

"ఈ ప్రోగ్రాం రాసింది నువ్వేనా?" అన్నాడు జనరల్ మేనేజరు.

"నేనే సార్."

ఈ మాట ఆమె రెండేళ్ళుగా ఎందరితోనో చెప్పింది. చెప్పిన ప్రతిసారీ మెడ కొంచెం నిటారుగా అయ్యేది. ఇవాళ కూడా అయింది.

"మిషన్‌ల ఏమున్నా అది నా చేతి రాత. రూలు మా మేనేజర్ సార్ ఇచ్చిండ్రు. మీరు సంతకం పెట్టిండ్రు. నేను రాసిన. మన ముగ్గురిల ఏ ఒక్కలం గూడ బాయిల దిగే మనిషిని పిలిచి, నువ్వు పనిచేసుడంటె ఎట్లెట్ల చేస్తవు అని అడగలే. ఇప్పుడు ఎవలు చెప్పిండ్రు అని యోబు కాకా అడిగితే ముగ్గురం మిషన్‌ను చూపిస్తున్నం."

కంప్యూటర్ మేనేజరు ముఖం ఎర్రబడింది. "సార్, ఎక్కడో ఒక గీత గీయాలి కదా. ఎవరికి వాళ్ళు ఒక కథ చెబితే ఇక రూలు ఎందుకు?"

"రూలు వద్దని నేనంటలేను సార్. అందరికి ఒకటే రూలు అంటిరి గదా. అయితె జనరల్ మేనేజర్ సార్ నంబరు గూడ వేద్దాం." ఆమె బల్ల ఆ చివరకు తిరిగింది. "మిమ్మల్ని ఏ బాయి కింద రాయాలె సార్?"

"అంటే?"

"మీరు ఇయ్యాల ఒక బాయి దిగుతరు, రేపు ఇంకో బాయి దిగుతరు. ఒక్క బాయికి నెలల ఎన్నిసార్లు పోతరు?"

"ఒకసారి. మహా అయితే రెండుసార్లు."

"అయితె ఈ ప్రోగ్రాం లెక్కల అందరికన్న ఎక్కువ నాగాలు మీవే సార్. గేటుకాడి నోటీసుల మొదటి పేరు మీదే ఉండాలె."

అప్పుడే టీ తెచ్చిన అటెండరు గుమ్మంలో ఆగిపోయి ముఖం గోడకు తిప్పుకున్నాడు. కప్పులు మాత్రం గలగలలాడాయి. నుస్రత్‌కు తాను ఎవరితో ఏమన్నదో అప్పుడు తెలిసింది. కానీ అన్న మాటను వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

జనరల్ మేనేజరు టీ కప్పు తీసుకుని యోబు ముందుకు తోశాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"యోబూ, నీ సంగతి నాకు అర్థమైంది. నిన్ను తిరిగి తీసుకుంటాను. కానీ ఒక చిక్కుంది. కంప్యూటర్ పెట్టాక నాగాలు తగ్గాయని పై ఆఫీసుకు రిపోర్టు పంపించాం. అది చూసి అన్ని ఏరియాల్లోనూ ఇదే ప్రోగ్రాం పెట్టాలనుకుంటున్నారు. ఇప్పుడు మొత్తం తప్పని నేను రాస్తే పరువు పోతుంది. నువ్వొక కాగితం రాసి ఇవ్వు. ఇకనుంచి సక్రమంగా వస్తాను, దయతో తీసుకోండి అని. రేపటి నుంచే డ్యూటీలో చేరు. మిగతా వాళ్ళ సంగతి తర్వాత ఒక్కొక్కరిదీ చూద్దాం."

గట్టయ్య యోబు చెవి దగ్గరికి వంగాడు. "ఒప్పుకో అన్నా. నువ్వన్న బతుకు. పిల్లలున్నరు. మా సంగతి మేం చూసుకుంటం."

యోబు ముందున్న టీ ముట్టలేదు. బల్ల మీద రెండు చేతులూ ఆనించి లేచాడు.

"సారు, మీరు మంచోళ్లు. నా మాటకు కోపం చెయ్యకుండ్రి. పొగల మనిషి పడి ఉంటే వానిది ఏ బాయి, వాని నంబరు ఎంత అని మేం అడగం. కాలు దొరికితె కాలు, చెయ్యి దొరికితె చెయ్యి పట్టి గుంజుకొస్తం. ఒక్కన్ని పైకి తెచ్చి, మిగిలినోళ్లను తర్వాత చూద్దామని ఇంటికి పోవుడు మాకు నేర్పలే. ఇప్పుడు గట్టయ్యను, వాళ్లందరిని లోపల ఇడిసిపెట్టి నేనొక్కన్నే ఎక్కి వచ్చేదా? ఎక్కి వచ్చినంక రెస్క్యూ మనిషినని ఎట్ల చెప్పుకోవాలె?"

అతని గొంతు పెరగలేదు. కిటికీ బయట నిలబడ్డ వాళ్ళు మాత్రం అది విన్నారు.

"ఇంకొకటి సారు. దయతో తీసుకోమని రాయమంటున్నరు. తప్పు చేస్తె రాస్త. కాళ్లు మొక్కుత. చెయ్యలే. తప్పు మీదని మీ బిడ్డె చెప్పింది." నుస్రత్ వైపు చెయ్యి చాచాడు. "గామె ఉద్యోగం పోయినా సరే అనుకొని చెప్పింది. గామెకున్న ధైర్యం నాకు లేదా? నాకు నౌకరీ కావాలె. దయ వద్దు."

గట్టయ్య తన చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత అతనూ లేచి యోబు పక్కన నిలబడ్డాడు. ఎవరూ చెప్పకుండానే కుడిచెయ్యి యోబు భుజం మీద వేశాడు. పొగలో నడిచేటప్పుడు వేసినట్టే.

జనరల్ మేనేజరు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"పరువు గురించి మాట్లాడింది నేను," అన్నాడు ఆయన. "అదెలా ఉంటుందో నువ్వు చూపించావు." నోటీసు ప్రతి తెప్పించి, దాని మీద అడ్డంగా గీత కొట్టి, అందరి ఆర్డర్లూ రద్దు అని తన చేతితో రాసి, పూర్తి పేరుతో సంతకం చేశాడు. "నుస్రత్, ప్రోగ్రాం సరిచెయ్యడానికి నీకేం కావాలి?"

"ఇద్దరు ముగ్గురు కార్మికులు కావాలె సార్, నా పక్కన కూసునేతందుకు. వాళ్లు ఎట్లెట్ల పనిచేస్తరో వాళ్లే చెప్పాలె. ఇంకొకటి. మిషన్ ఎవలి పేరు చూపించినా సరే, ఆ మనిషిని పిలిచి వినకుంట ఎవలిని తీసెయ్యద్దు. తీసేసే కాగితం మీద మిషన్ పేరు గాదు, ఒక ఆఫీసరు పేరు ఉండాలె. కార్మికుడు వచ్చి అడిగితె కుర్సీల కూసొని జవాబు చెప్పేటోడు ఉండాలె."

"పై ఆఫీసుకు ఏమని రాయమంటావు?"

"నేను రాసిన దాంట్ల తప్పున్నదని రాయుండ్రి. నా పేరు పెట్టుండ్రి సార్."

"పెడతాను. దాని కింద నా పేరు కూడా పెడతాను."

కంప్యూటర్ మేనేజరు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

వాళ్ళు బయటికి వచ్చేసరికి వేపచెట్టు కింద కేకలు, ఈలలు. ఎవరో గట్టయ్యను ఎత్తుకున్నారు. యోబు చేతులు జోడించి అందరినీ చూస్తూ మెట్లు దిగాడు. యేసమ్మ అతని దగ్గరికి పోలేదు. నేరుగా నుస్రత్ దగ్గరికి వచ్చి రెండు చేతులతో ఆమె ముఖం పట్టుకుంది. "ఆ దినం నిన్ను నిలదీసిన బిడ్డా. మనసుల పెట్టుకోకు."

"నిలదీసినవు కాబట్టే వెతికిన చిన్నమ్మా," అంది నుస్రత్.

వర్క్‌షాపు నుంచి బద్రుద్దీన్ గ్రీజు చేతులతోనే వచ్చాడు. గేటు దగ్గర సైకిలు ఆపి, ఎవరో చెప్పిందంతా విని, కూతురి వైపు చూసి ఒక్కసారి తలూపాడు. "ఉస్తాద్!" అన్నాడు పక్కవాడితో. ఈసారి మిఠాయి పంచలేదు. కానీ ఆయన నిలబడ్డ తీరు చూసి నలుగురు ఆయన చేతులు పట్టుకుని ఊపారు, గ్రీజు అంటుతుందని కూడా చూడకుండా.

జనం కొంచెం పలచబడ్డాక కంప్యూటర్ మేనేజరు మెట్లు దిగి వచ్చాడు. మనిషి ఒక్కపూటలో ముసలివాడైపోయినట్టున్నాడు. నుస్రత్ వెనక్కి తగ్గబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"నీ మీద కోపం లేదమ్మా. లోపల చెప్పలేకపోయాను, ఇప్పుడన్నా చెప్పాలి. ఇది మొదటిసారి కాదు. పోయిన ఏడాది నువ్వు ట్రైనింగ్‌కని హైదరాబాదు పోయావు కదా. అప్పుడు ఇదే ప్రోగ్రాం ఒకసారి నడిపి చూశాం. కొంతమందినే తీశాం. ఒక్కరు కూడా వచ్చి మొరపెట్టుకోలేదు. అందుకే సరిగ్గా పనిచేస్తున్నదనుకున్నాను."

నుస్రత్ ఆ మాటను మనసులో తిప్పి చూసుకుంది. ఎవరూ అడగలేదు కాబట్టి సరిగ్గా ఉందనుకున్నారు. ఆ అడగని వాళ్ళెవరు? ఎక్కడున్నారు?

పక్కనే నిలబడ్డ యోబు ముఖంలో అప్పటిదాకా ఉన్న వెలుగు ఒక్కసారిగా పోయింది.

"సారు," అన్నాడు. "దాంట్ల అంద్రెయ పేరు ఉన్నదా?"

అంద్రెయ యోబు తమ్ముడు. పోయిన ఏడాది నాగాలు పెడుతున్నాడని అతని ఉద్యోగం పోయింది. తాను రోజూ పనిలోనే ఉన్నానని, నీళ్ళు తోడే పనికి అవతలి ఒడ్డు బాయికి పంపారని అంద్రెయ అన్న ముందు నిలబడి చెప్పాడు. యోబు నమ్మలేదు. తాగి ఎక్కడో తిరిగి వచ్చి కథలు చెబుతున్నాడనుకున్నాడు. "క్లర్కు అంటె పగబట్టిండు అనుకుందుం. కంప్యూటర్‌కు నీ మీద పగ ఉన్నదా?" అని పదిమందిలో అన్నాడు. మా రెస్క్యూ ఇంట్లో పనిదొంగకు చోటు లేదన్నాడు. అంద్రెయ బట్టల సంచి తీసుకుని పోయాడు. దూరంగా భివండి పట్నం పోయి మగ్గాల మీద పనిచేస్తున్నాడని తర్వాత ఎవరో చెప్పారు.

కంప్యూటర్ మేనేజరు కాసేపు ఆలోచించి తలూపాడు. "అంద్రెయ... ఉంది. నీళ్ళు తోడే పనికి పోయిన వాళ్ళల్లో."

లోపల అంతమంది ఆఫీసర్ల ముందు నిటారుగా నిలబడ్డ మనిషి, ఇప్పుడు వేపచెట్టు మొదలుకు చెయ్యి ఆనించాడు. నుస్రత్ గబగబా అతని దగ్గరికి నడిచింది.

"కాకా, ఆ ఆర్డర్లు గూడ రద్దు చేయిస్త. ఇప్పుడే లోపలికి పోత."

"నువ్వు చేయిస్తవ్ బిడ్డా. నాకెరుకే." అన్నాడు యోబు. "మిషన్ మాటలు విని మీరు తీసేసిండ్రు. మీకు వాడు ఎవడో ఎరుకలేదు. నాకు ఎరుకే గదా. నా చేతుల మీద పెరిగిండు. నేను వాన్ని ఎట్ల అడగకపోతి?"

చెట్టుకు ఆనించిన చెయ్యి తీసి, చొక్కా సర్దుకున్నాడు. "రామగుండం టేసన్‌ల రైలు ఎప్పుడున్నది గట్టయ్యా? భివండి పోత. ఎన్ని మగ్గాల కాడ తిరగాల్నో తిరుగుత. వాన్ని తీసుకొని వచ్చినంకనే బాయి దిగుత."

గేటు వైపు నాలుగడుగులు వేశాడు. యేసమ్మ అతనికి అడ్డం వచ్చి నిలబడింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె భర్త దారికి అడ్డం నిలబడటం ఎవరూ చూడలేదు.

"రైలెందుకు?" అన్నది ఆమె, నేల వైపు చూస్తూ. "అంద్రెయ భివండి పోనే లేదు. ఈడనే ఉన్నడు, నీకు చెప్పద్దన్నడు."